మదురా పాదం: గింజ ఏమిటో తేల్చుకుని, చివరి మాత్ర దాకా వైద్యం చేయించుకోవడం ఎలా

మా మేనమామది పల్నాడు. మిర్చి చేనుకు కంచెగా వేసిన తుమ్మకంప మీద ఓ రోజు కాలేశాడు. ముల్లు పీకి పారేసి ఆ సంగతే మర్చిపోయాడు. ఏడాది తిరిగేసరికి అరికాలి పక్కన గట్టిగా చిన్న బొడిపె లేచింది. నొప్పి లేదు కాబట్టి ఆనెకాయ అనుకున్నారు. అది మెల్లగా ఉబ్బి, నెత్తిన చిల్లు పడి రసి కారడం మొదలుపెట్టింది. ఊళ్లో ఆర్ఎంపీ ఐదు రోజులకు మాత్రలిచ్చాడు, ఎండింది. నెల తిరక్కుండా పక్కనే ఇంకో చిల్లు. పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండుసార్లు కోసి శుభ్రం చేశారు. కోసి తీసిన ముక్కను పరీక్షకు వాళ్లు పంపలేదు, పంపమని మేమూ అడగలేదు. అలా మూడేళ్లు గడిచాయి.

చివరికి ఒక ప్రభుత్వాసుపత్రి స్కిన్ ఓపీలో చిన్న వయసు డాక్టరమ్మ కాలు చూసి ఒక్క మాట అడిగింది: “రసిలో రవ్వలాంటి గింజలు పడుతున్నాయా?” మా అత్త వెంటనే, “పడుతున్నాయమ్మా, రోజూ కడిగేస్తున్నాను” అంది. మూడేళ్లుగా రోగం పేరు మా ఇంటి తూములో కొట్టుకుపోతోందన్నమాట.

ఆ రోగం పేరు మైసిటోమా. జనం నోట మదురా ఫుట్. దీనికి మందు ఉంది, నయమూ అవుతుంది. కాకపోతే మందు మొదలుపెట్టక ముందు ఒక ప్రశ్నకు జవాబు తేలాలి, మొదలుపెట్టాక నెలల తరబడి ఓపిక పట్టాలి. ఆ రెండూ ఎలాగో వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇందులో మోతాదులు రాసింది మీకు రాసిచ్చిన చీటీని మీరు అర్థం చేసుకోవడానికి, ఇంట్లో సొంతంగా వాడుకోవడానికి కాదు.

ముందుగా, ఇది ఏమిటి

సంస్కృతంలో దీన్ని పాదవల్మీకం అన్నారు. వల్మీకమంటే పుట్ట. పాదమంతా ఉబ్బి, పుట్టకున్నట్టు బొరియలు పడతాయి కాబట్టి ఆ పేరు. 1842లో మదురైలో గిల్ అనే వైద్యుడు దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించాడు కనుక మదురా పాదం అయింది. 1860 ప్రాంతంలో బొంబాయిలో పనిచేసిన హెన్రీ వాండైక్ కార్టర్ మైసిటోమా అని పేరు పెట్టాడు. ఆ మాటకు ఫంగస్ వల్ల వచ్చిన గడ్డ అని అర్థం.

చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది. ఇది రెండు రకాలు. ఒకటి నిజంగానే ఫంగస్ వల్ల వచ్చేది, దాన్ని యూమైసిటోమా అంటారు. రెండోది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, అది ఆక్టినోమైసిటోమా. పైకి చూస్తే రెండూ అవే వాపు, అవే చిల్లులు, అవే గింజలు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఫంగస్ మందు బ్యాక్టీరియాను తాకదు, బ్యాక్టీరియా మందు ఫంగస్‌ను తాకదు. సూడాన్‌లో ఫంగస్ రకం ఎక్కువ, మెక్సికోలో బ్యాక్టీరియా రకం ఎక్కువ. మన దేశంలో రెండూ ఉన్నాయి. దక్షిణాదిన బ్యాక్టీరియా రకం బాగానే కనిపిస్తుంది, రాజస్థాన్ లాంటి పొడి నేలల్లో ఫంగస్ రకం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. నిర్లక్ష్యానికి గురైన అన్న మాట దీనికి బాగా అతుకుతుంది, ఎందుకంటే ఇది పట్టుకునేది ఎక్కువగా చెప్పుల్లేకుండా చేలో దిగేవాళ్లను.

ఈ వ్యాసం ముఖ్యంగా బ్యాక్టీరియా రకం గురించి. నోకార్డియా, ఆక్టినోమదురా, స్ట్రెప్టోమైసెస్ జాతుల బ్యాక్టీరియా మట్టిలోనే బతుకుతాయి. ముల్లో, పుల్లో, పత్తికట్టె మోడో గుచ్చుకున్నప్పుడు దాంతోపాటు చర్మం కిందికి దిగుతాయి. అక్కడ గుంపుకట్టి గింజలా గట్టిపడతాయి. రక్షణ కణాలు ఆ గింజ చుట్టూ మూగినా లోపలికి వెళ్లలేవు, మామూలు ఐదు రోజుల మందు కూడా సరిగా ఎక్కదు. అందుకే ఇంత మొండితనం.

మొదటి అడుగు: అనుమానం రావాలి

మూడు లక్షణాలు కలిసి ఉంటే మైసిటోమా అని అనుమానించాలి: నొప్పి లేని గట్టి వాపు, దాని మీద ఒకటి కంటే ఎక్కువ చిల్లులు, ఆ చిల్లుల్లోంచి రసితోపాటు గింజలు. మూడింటిలో అందరినీ మోసం చేసేది నొప్పి లేకపోవడం. సెగ్గడ్డ అయితే రెండు రోజులు నిద్ర పట్టనివ్వదు, మనిషి తానే ఆసుపత్రికి పరిగెత్తుతాడు. ఇది అలా కాదు. పనికి వెళ్లనిస్తుంది, తిననిస్తుంది, జ్వరం రాదు. ఓ చిల్లు మూసుకుంటే తగ్గిపోయింది అనిపిస్తుంది. నొప్పి మొదలైందంటే చాలాసార్లు ఎముక దాకా వెళ్లిందనో, పైన వేరే చీము చేరిందనో అర్థం.

పాదమే కానక్కర్లేదు. చేతికి, మోకాలికి వస్తుంది. కట్టెల మోపులు, బస్తాలు మోసేవాళ్లకు వీపు మీద, భుజం మీద, మెడ వెనక వస్తుంది. వీపు మీద వచ్చినదాన్ని అసలు ఆలస్యం చేయకూడదు, లోపల వెన్నెముక, ఊపిరితిత్తులు దగ్గర్లోనే ఉంటాయి.

ఊళ్లో పెద్దవాళ్లు చూడగానే నారికురుపు అంటారు. మా తాతమ్మ తరం దాన్ని కళ్లారా చూసింది కాబట్టి ఆ పోలిక వస్తుంది. కానీ నారికురుపు మన దేశంలో 1996 తర్వాత లేదు, 2000లో దేశం దాన్నుంచి బయటపడినట్టు ప్రకటించారు కూడా. కొందరు బోదకాలు అనుకుంటారు. బోదకాలులో కాలంతా వాస్తుంది కానీ ఇలా గింజలు రాలే చిల్లులు పడవు. డాక్టర్లు కూడా పొరబడే జబ్బులు రెండున్నాయి, చర్మానికి వచ్చే టీబీ, ఎముకకు పట్టిన పాత చీము. బోట్రియోమైకోసిస్ అని ఇంకొకటి ఉంది, అరుదు. మామూలు చీము పుట్టించే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియానే అందులో గింజలు కడుతుంది. వీటిని కంటితో చూసి విడదీయలేం, పరీక్షే చేయాలి.

రెండో అడుగు: చేయకూడనివి ఆపేయడం

మెడికల్ షాపులో అడిగి మూడు రోజులకు, ఐదు రోజులకు మాత్రలు కొనడం ఆపండి. కాస్త ఎండి మళ్లీ వస్తుంది, పైగా ఆ సమయంలో ల్యాబ్‌కు పంపితే కల్చర్‌లో, అంటే సూక్ష్మజీవిని పళ్లెంలో పెంచి చూసే పరీక్షలో, ఏదీ మొలవకపోవచ్చు.

పసుపు, సున్నం, ఆకుపసరు, బీడీ బూడిద లాంటివి పెట్టకండి. జబ్బు చర్మం కింద ఉంది, పైపూత అక్కడికి చేరదు. పసరుతో పుండు మాత్రం రేగుతుంది.

పేరు తేలకుండా కోయించుకోవద్దు. ఈ బ్యాక్టీరియా రకంలో వైద్యమంతా దాదాపు మందులదే. పరీక్ష కోసం చిన్న ముక్క తీయడం వేరు, అది కావాలి. గడ్డ పేరుతో ఊరికే కోసి కట్టు కడితే మిగిలిన గింజలు మళ్లీ పెరుగుతాయి. ఎవరైనా వేలో పాదమో తీసేయాలి అంటే, ముందు గింజ ఏ రకమో రాతపూర్వకంగా రిపోర్టు ఉందా అని అడగండి. లేకపోతే ఆ సంతకం పెట్టకుండా ఇంకో చోట చూపించండి.

ఇంకో మాట. ఇది అంటువ్యాధి కాదు. మనిషి నుంచి మనిషికి రాదు. కంచం, మంచం వేరు చేయాల్సిన పనే లేదు. మా మామయ్యను ఓ పెళ్లి బంతిలో చివరికి కూర్చోబెట్టారు, అది నాకిప్పటికీ మంటే.

మూడో అడుగు: గింజను పట్టుకోవడం

ఇది ఇంట్లో మీరు చేయగలిగిన పని, అన్నిటికంటే విలువైనదీ ఇదే.

రాత్రి పడుకునే ముందు పుండును కాచి చల్లార్చిన నీళ్లతో కడగండి. ఏ మందూ, ఏ ఆయింట్‌మెంటూ రాయకండి. రసి కారుతున్న చిల్లు మీద కొత్త ప్యాకెట్ విప్పిన గాజుగుడ్డ పెట్టి వదులుగా కట్టు కట్టండి. ఉదయం ఆ గుడ్డ విప్పి వెలుతురులో చూడండి. గింజలుంటే గుడ్డ దారాలకు అంటుకుని కనిపిస్తాయి. కొన్ని ఉప్మా రవ్వలా, కొన్ని గసగసాల్లా ఉంటాయి. నోకార్డియా గింజలు అంతకంటే సన్నం, పిండి రేణువుల్లా మెత్తగా ఉంటాయి, కంటికి ఆనకపోవచ్చు. ఆ గుడ్డను శుభ్రమైన డబ్బాలో పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫోన్‌లో దగ్గరగా ఫొటో కూడా తీసుకోండి. ఓపీ రద్దీలో మీరు మాటల్లో చెప్పేదానికంటే ఆ ఫొటో ఎక్కువ పని చేస్తుంది.

రంగును బట్టి కొంత ఊహించవచ్చు. నల్ల గింజ అంటే ఫంగస్ అనే లెక్క. ఎర్ర గింజ అంటే దాదాపు బ్యాక్టీరియానే, ఆక్టినోమదురా పెల్లెటియరీ గింజలు ఆ రంగులో ఉంటాయి. తెలుపు, పసుపు అయితే రెండిట్లో ఏదైనా కావచ్చు. మన దగ్గర చాలావరకు కనిపించేది ఆ తెలుపే కాబట్టి రంగు చూసి సంబరపడి మందు మొదలుపెట్టడానికి లేదు.

నాలుగో అడుగు: ఎక్కడికి, ఏం పట్టుకుని వెళ్లాలి

జనరల్ సర్జరీ ఓపీకి కాకుండా నేరుగా చర్మవ్యాధుల విభాగానికి వెళ్లండి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి అయితే మంచిది, ఎందుకంటే స్కిన్, మైక్రోబయాలజీ, పాథాలజీ మూడూ ఒకే ఆవరణలో ఉండాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ ఆ తరహావి. మంగళగిరి, బీబీనగర్‌లలో ఎయిమ్స్ ఉన్నాయి. ఖర్చు సంగతి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్‌లో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, మందులు రాశాక కాదు.

పట్టుకెళ్లాల్సినవి: గింజల గుడ్డ, పాత చీటీలు, ఎక్స్‌రేలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు. బీపీకి, షుగర్‌కు వాడే మాత్రలు కూడా. ఇవి ఎందుకో కింద చెప్తాను.

ఐదో అడుగు: పరీక్షలు, ఒక్కోటి ఎందుకు

గింజను గాజుపలక మీద నలిపి మైక్రోస్కోప్ కింద చూడటం మొదటి పరీక్ష. డబ్బుకు చవక, అరగంట పని. బ్యాక్టీరియా అయితే దారాలు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం లోపు, చాలా సన్నగా ఉంటాయి. ఫంగస్ అయితే రెండు నుంచి ఐదు మైక్రాన్ల లావుగా ఉంటాయి. గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో బ్యాక్టీరియా దారాలు ఊదారంగు పట్టుకుంటాయి. మొత్తం వైద్యాన్ని ఎటు తిప్పాలో ఈ ఒక్క పరీక్షతో చాలావరకు తేలిపోతుంది.

తర్వాత రంగు పట్టించి ఆమ్లంతో కడిగే పరీక్ష ఉంది, టీబీకి చేసేదే. కాకపోతే టీబీకి 20 శాతం ఆమ్లం వాడతారు, దాంతో కడిగితే నోకార్డియా రంగు పోతుంది. 1 శాతం ఆమ్లంతో చేస్తే నిలుస్తుంది. అందుకే చీటీలో మాడిఫైడ్ అని రాసి ఉండాలి. ఈ తేడా పట్టించుకోకపోతే రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఉన్న నోకార్డియా కనిపించకపోవడం. రెండు, కనిపించిన దారం ముక్కల్ని టీబీ అనుకుని ఆరు నెలలు టీబీ మందులు వాడించడం. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, దానికి ఇది కాస్త తగ్గవచ్చు కూడా, దాంతో తప్పు ఇంకా లోతుకు పాతుకుంటుంది.

కల్చర్ దగ్గర మేం ఒక దెబ్బ తిన్నాం. బయట ఒక ల్యాబ్‌లో ఇస్తే రెండు రోజుల్లో ‘ఏమీ మొలవలేదు’ అని రిపోర్టు ఇచ్చారు. మామూలు చీముకు రెండు రోజులు చాలు. ఈ బ్యాక్టీరియాకు వారాలు కావాలి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమని ల్యాబ్‌కు ముందే చెప్పాలి. చీటీ మీద మైసిటోమా అనుమానం అని డాక్టరు చేత రాయించండి. ఆ ఒక్క మాట లేకపోతే ల్యాబ్ వాళ్లు పళ్లెం పారేస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు.

బయాప్సీ చేస్తే తీసిన ముక్కను రెండు సీసాల్లో పెట్టాలి. ఒకటి ఫార్మలిన్‌లో, పాథాలజీకి. ఇంకోటి మామూలు సెలైన్‌లో, కల్చర్‌కు. ఫార్మలిన్‌లో వేస్తే సూక్ష్మజీవి చచ్చిపోతుంది, ఇక అది మొలవదు. పెద్ద ఆసుపత్రుల్లో వాళ్లే చూసుకుంటారు. బయట చేయిస్తుంటే మాత్రం “రెండు సీసాలు కదండీ?” అని మర్యాదగా గుర్తు చేయండి. చిల్లు పైపైన కాక లోతుగా ముక్క తీస్తేనే గింజ దొరుకుతుంది.

ఎముక సంగతి ఎక్స్‌రే చెప్తుంది. ఎమ్మారైలో గుండ్రటి వలయం మధ్య చిన్న నల్ల చుక్కలు కనిపిస్తే అవి గింజలే అనుకోవచ్చు. డబ్బు కష్టమైతే ముందు ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చాలు, ఎమ్మారై ఎముక అనుమానం ఉన్నప్పుడు చేయించండి అని మా డాక్టరమ్మ చెప్పింది. ఎవరికి ఎప్పుడన్నది మీ డాక్టరు తేల్చాలి.

ఆరో అడుగు: మందుకు ముందు ఒళ్లు చూసుకోవడం

వాడబోయే మందులు మంచివే, కానీ గట్టివి. మొదటి ఇంజెక్షన్‌కు ముందే రక్త పరీక్ష, కిడ్నీకి క్రియాటినిన్, పొటాషియం, లివర్ పరీక్ష, షుగర్ చేయించాలి. చెవి పరీక్ష కూడా చేయించాలి, దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. కాలికి జబ్బయితే చెవికి పరీక్ష ఏంటని మామయ్య నవ్వాడు. అమికాసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు లోపలి చెవిని, కిడ్నీని దెబ్బతీయగలవు. చెవిలో మొదట పోయేది సన్నటి, కీచు శబ్దాలు వినడం. మామూలు మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి మనిషికి తెలియదు. తెలిసేసరికి పోయింది తిరిగి రాదు. ముందు ఒక ఆడియోగ్రామ్ ఉంటేనే తర్వాతి దానితో పోల్చి చూడగలరు.

ఎప్పుడైనా సల్ఫా మాత్రకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే తప్పకుండా చెప్పాలి. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా చెప్పాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు డాప్సోన్ లాంటి మందులు రక్తాన్ని దెబ్బతీస్తాయి, ఆ పరీక్ష కావాలేమో అడగండి.

ఏడో అడుగు: ఇంజెక్షన్ల దశ

రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది వెల్ష్ పద్ధతి. మెక్సికోలోని మాంటెరేలో పనిచేసిన ఒలివేరియో వెల్ష్ బృందం 1987లో ప్రచురించింది. రోజు మొత్తానికి బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున అమికాసిన్, దాన్నే రెండు సార్లుగా విడగొట్టి, 21 రోజులు. దాంతోపాటు కోట్రైమోక్సజోల్ అనే సల్ఫా మాత్రలు 35 రోజులూ ఆపకుండా. అంటే ఇంజెక్షన్ మూడు వారాలు, తర్వాత రెండు వారాలు చెవికీ కిడ్నీకీ విరామం. ఇది ఒక విడత. చాలామందికి ఒకటి నుంచి నాలుగు విడతలు పడతాయి. ప్రతి విడతకు మధ్య క్రియాటినిన్, ఆడియోగ్రామ్ మళ్లీ చేయిస్తారు. కొందరు డాక్టర్లు దీనికి రిఫాంపిసిన్ కలుపుతారు.

రెండోది ఢిల్లీ ఎయిమ్స్‌లో రామమ్ బృందం రూపొందించింది. 2000లో వచ్చిన మొదటి రూపంలో పెన్సిలిన్ కూడా ఉండేది. 2007లో సులువు చేసిన రూపంలో నాలుగు వారాలు జెంటామైసిన్ ఇంజెక్షన్ 80 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, దాంతో కోట్రైమోక్సజోల్. తర్వాత ఇంట్లో డాక్సీసైక్లిన్, కోట్రైమోక్సజోల్ మాత్రలు. ఇంజెక్షన్ల భాగం నెలతో అయిపోతుంది, మిగతాదంతా ఇంటి దగ్గరే. వ్యవసాయం ఉన్నవాళ్లకు ఇది కుదురుతుందని నా అభిప్రాయం. మామయ్యకూ ఇదే ఇచ్చారు.

ఈ దశలో మీరు చూసుకోవాల్సినవి కొన్ని. నీళ్లు బాగా తాగాలి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకూడదు, కిడ్నీ మీద రెండు వైపుల నుంచీ బరువు పడుతుంది. చెవిలో గుయ్‌మని మోత, నడుస్తుంటే తూలడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి. “ఇంకా వారమేగా, ఓర్చుకుందాం” అనుకోవడానికి లేదు. ఇంజెక్షన్లు ఊళ్లో వేయించుకుంటే వేసిన తేదీ, మోతాదు ఒక నోటుబుక్కులో రాయండి.

ఎనిమిదో అడుగు: మాత్రల దశ, అసలు పరీక్ష ఇదే

ఇంజెక్షన్లు పూర్తయ్యేసరికి చాలామందికి చిల్లులు మూసుకోవడం, వాపు దిగడం మొదలవుతుంది. మనిషి ఇంటికి వస్తాడు. చెప్పు పడుతుంది. ఇక మాత్రలెందుకు అనిపిస్తుంది. రోగం తిరగబెట్టడానికి ఇదే పెద్ద దారి. రామమ్ పద్ధతిలో పుండ్లన్నీ పూర్తిగా మానిన తర్వాత కూడా ఇంకో 5 నుంచి 6 నెలలు మాత్రలు కొనసాగించాలి. పైన చర్మం అతుక్కున్నా లోపల గింజ బతికే ఉండవచ్చు.

కోట్రైమోక్సజోల్ పాతది, చవకైనది. కానీ ఇంత కాలం, ఇంత మోతాదులో వేస్తున్నప్పుడు దాన్ని చులకన చేయకండి. వెల్ష్ లెక్క ప్రకారం 50 కిలోల మనిషికి రోజుకు సుమారు రెండు డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్) మాత్రలు. రామమ్ పద్ధతిలో ఇంకా ఎక్కువ, పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగు. షాపువాడు “ఇంత ఎందుకు వేస్తున్నారు?” అని ఒకటి తగ్గించి ఇస్తాడు, తగ్గించుకోవద్దు. ఎక్కువనిపిస్తే డాక్టరును అడగండి.

ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పొక్కులు, కళ్లు ఎర్రబడటం, దాంతో జ్వరం, వీటిలో ఏవి కనిపించినా ఆ పూటే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇది సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది, అరుదే కానీ ప్రాణం మీదికి తెస్తుంది. గొంతు నొప్పితో జ్వరం వచ్చి తగ్గకపోతే తెల్లకణాలు పడిపోయాయేమో చూడాలి, నెలకోసారి రక్త పరీక్ష అందుకే. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వాడేవాళ్లకు పొటాషియం పెరుగుతుంది. షుగర్‌కు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్లకు షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. కీళ్లకు మెథోట్రెక్సేట్ వాడుతుంటే రెండూ కలవకూడదు. పాత చీటీలన్నీ తీసుకెళ్లమన్నది ఇందుకే.

డాక్సీసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునే మింగాలి. వేసుకోగానే పడుకుంటే గొంతుగొట్టంలో అంటుకుని పుండవుతుంది. పాలతో, ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వేయకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఎండకు చర్మం మాడుతుంది, చేలో తలకూ మెడకూ తుండు కట్టుకోవాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది ఇవ్వరు, వాళ్లకు డాక్టరు వేరే మందు చూస్తారు. రిఫాంపిసిన్ ఇస్తే మూత్రం, చెమట నారింజ రంగులోకి మారతాయి, కంగారు పడకండి. గర్భనిరోధక మాత్రలు మాత్రం దాంతో సరిగా పనిచేయవు, వేరే పద్ధతి వాడాలి.

మందు మరిచిపోకుండా మా అత్త ఒక ఉపాయం పట్టింది. నెలకు సరిపడా మాత్రలు తెచ్చి, పాత పెళ్లి పత్రికల కవర్లలో రోజుకొకటి కట్టి, క్యాలెండర్ కింద వేలాడదీసింది. కవర్ మిగిలిందంటే ఆ రోజు మింగలేదన్నమాట. మామయ్యకు అబద్ధమాడే దారి లేకుండా పోయింది.

మూడు నెలలు సక్రమంగా వాడినా వాపు ఏమాత్రం తగ్గకపోతే, కొత్త చిల్లులు పడుతుంటే, మోతాదు పెంచమని కాక “మళ్లీ గింజ పరీక్ష చేద్దామా?” అని అడగండి. రకం తప్పుగా తేలి ఉండవచ్చు, లేదా ఆ బ్యాక్టీరియాకు ఈ మందు పట్టకపోవచ్చు. అప్పుడు అమాక్సిసిలిన్ క్లావులనేట్, లినెజోలిడ్, ఇమిపెనెమ్ లాంటి ఇతర దారులున్నాయి. ఇక ఫంగస్ అని తేలితే అది వేరే బాట: ఇట్రాకొనజోల్ ఏడాది, అంతకు పైనే వాడాలి, చాలాసార్లు ఆపరేషన్ కూడా దానికి తోడవుతుంది.

ఇంట్లో పుండు చూసుకోవడం

రోజుకోసారి సబ్బు నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టి, పొడి గాజుగుడ్డతో కట్టు కట్టండి. రసి బాగా కారితే రెండుసార్లు. పశువుల కొట్టంలోకి వెళ్లేటప్పుడు కట్టు మీద ప్లాస్టిక్ కవర్ తొడిగి, రాగానే తీసేయాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. ఈగ వాలనివ్వకూడదు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో గుర్తు లేకపోతే వేయించండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే వాపు తేలికవుతుంది. ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, సలుపుతూ జ్వరం వస్తే అది పైన చేరిన వేరే ఇన్ఫెక్షన్, ఆ రోజే చూపించాలి.

పదిహేను రోజులకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో పాదం ఫొటో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, కొలతకు పనికొస్తుంది. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. మామయ్య రెండో నెలలో “ఏం తగ్గలేదు, మానేస్తా” అని మొండికేస్తే మొదటి ఫొటో చూపించాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఎప్పుడు ఆపాలి, తర్వాత ఏం చూడాలి

ఆపే రోజు మీరు కాదు, డాక్టరు చెప్పాలి. వాళ్లు చూసేవి ఇవి: చిల్లులన్నీ మూసుకుని ఉండటం, గింజలు కనిపించకపోవడం, గట్టిదనం పోయి చర్మం మెత్తబడటం, అల్ట్రాసౌండ్‌లోనో ఎమ్మారైలోనో లోపల గుంపులు లేకపోవడం. మానిన చోట నల్లటి మచ్చలు, చిన్న గుంటలు మిగులుతాయి. అవి జబ్బు కాదు. ఆపిన తర్వాత కూడా మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోండి. పాత మచ్చ పక్కన కొత్త బొడిపె తగిలితే చిల్లు పడేదాకా ఆగకుండా వెళ్లండి.

మళ్లీ చేలో దిగేటప్పుడు బూట్లు వేసుకోమని డాక్టర్లంతా చెప్తారు. మిర్చి, పత్తి చేలల్లో అది కుదురుతుంది. తుమ్మకంప కొట్టేటప్పుడు, మోళ్లు పీకేటప్పుడు మందపాటి అడుగున్న బూటు తప్పనిసరి, సన్నటి హవాయి చెప్పులోంచి తుమ్మ ముల్లు దూసుకొస్తుంది. వరి మడిలో మాత్రం బూటు బురదలో దిగబడి ఊడిపోతుంది. పిక్కల దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు కొందరికి నడుస్తాయి, నాట్లకు వంగేవాళ్లకు అవీ కష్టమే. అలాంటప్పుడు మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది: సాయంత్రం గట్టు ఎక్కగానే బోరు దగ్గర కాళ్లు సబ్బుతో కడుక్కుని, రెండు అరికాళ్లూ ఒకరివి ఒకరు చూసుకుంటారు. ముల్లు కనిపిస్తే ఆ రాత్రే కాచిన సూదితో పూర్తిగా తీసి కడుగుతారు. సగం విరిగి లోపల ఉండిపోతే మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తారు. మామయ్య ఇప్పుడు కూలికి వచ్చేవాళ్ల కాళ్లు కూడా చూస్తానంటాడు. వాళ్లు నవ్వుతారు, కానీ కాలు చాపుతారు.